తర్వాత చెప్తాను

మా బీరువా మీద చుట్టిపెట్టిన ఫ్లెక్సీ ఒకటి మూడేళ్ళుగా దుమ్ము పట్టి ఉంది. పది అడుగుల పొడవు, నాలుగు అడుగుల ఎత్తు. విప్పితే ఎడమ పక్క నా ఫొటో ఉంటుంది, ఆ నాలుగు అడుగులూ నేనే. కుడి పక్క మా కూడికకు వచ్చే పదకొండు మంది వరసగా నిలబడి ఉంటారు, ఒక్కొక్కరూ జానెడు. ఫ్లెక్సీ షాపులో కుర్రాడు "ఎవరి ఫొటో పెద్దది పెట్టాలి మేడం?" అని అడిగినప్పుడు నేను ఆలోచించనైనా లేదు. "నాది పెట్టు నాన్నా, ఫోన్ చేసేవాళ్ళకి మనిషి గుర్తుండాలి కదా" అన్నాను. ఆ మాటలో అబద్ధం లేదు. నిజం మాత్రం సగమే ఉంది. మిగతా సగం ఒప్పుకోవడానికి నాకు ఇన్నాళ్ళు పట్టింది.

మాది ఒంగోలు. ప్రతి ఆదివారం మధ్యాహ్నం మూడు గంటలకు, పొద్దుటి ఆరాధన ముగిసి అందరూ ఇళ్ళకు వెళ్ళాక, మా సంఘం వెనక సండేస్కూలు గదిలో చెవులు వినపడనివాళ్ళ కూడిక జరుగుతుంది. వాళ్ళు తమను తాము 'డెఫ్' అనే చెప్పుకుంటారు కాబట్టి నేనూ అదే మాట వాడతాను. ఊళ్ళో వాళ్ళను పిలిచే మిగతా మాటలు నాకు నోట రావు. ఆ గదిలో కుర్చీలు వరసల్లో వేయం, గుండ్రంగా వేస్తాం. ఒకరి చేతులు ఒకరికి కనపడకపోతే అక్కడ మాట లేదు. కూడిక ఒక్కోసారి చీకటి పడేదాకా సాగుతుంది. మొదట్లో అప్పుడు కరెంటు పోతే ప్రార్థన ఎక్కడిదక్కడ ఆగిపోయేది. ఎవరో ఒకరు ఫోన్‌లో టార్చి వేసి, ప్రార్థన చేస్తున్నవాళ్ళ చేతుల మీద పడేలా పట్టుకునేవారు. ఆ వెలుగులో రెండు చేతులు మాత్రం కదులుతుండేవి. నడివేలు ఒక అరచేతిని తాకి, మళ్ళీ రెండో అరచేతిని తాకితే అది యేసు పేరు, మేకుల గుర్తు. ఇంతకంటే సూటిగా ఆ పేరు పలకడం నేనింకెక్కడా చూడలేదు.

వాళ్ళలో మనుషులకు సైగ పేర్లు ఉంటాయి. కళ్ళజోడు పైకి తోసుకునే అలవాటు వల్ల నా పేరు అదే, ముక్కు మీద వేలితో ఒక చిన్న తోపు. చేపల మార్కెట్లో పనిచేసే ఒక పెద్దావిడకు గడ్డం మీద మచ్చ ఉంది. చూపుడు వేలు గడ్డానికి తగిలిస్తే ఆమె. ఆమెను ఇక్కడ మచ్చమ్మ అంటాను. నేను చెప్పుకోవాల్సిన తప్పు అందరికంటే ఎక్కువగా ఆమె పట్ల జరిగింది.

సైగలు నాకు ఏ శిక్షణలోనూ రాలేదు. మా తమ్ముడు డెఫ్. ఢిల్లీలో భారతీయ సంజ్ఞా భాషకు ఒక పరిశోధన, శిక్షణ కేంద్రం వచ్చింది 2015లో. మూడు వేల మాటలతో ఆ కేంద్రం మొదటి నిఘంటువు తెచ్చింది 2018లో. మా చిన్నప్పుడు అవేవీ లేవు. ఇంట్లో మేం కల్పించుకున్న సైగలు కొన్ని ఉండేవి: అన్నం, నీళ్ళు, బడి, దెబ్బ, రా, పో, తర్వాత. అరచెయ్యి వాడి వైపు తిప్పి కొంచెం ముందుకు నెడితే 'తర్వాత చెప్తాను' అని. మేం వాడికి అన్నిటికంటే ఎక్కువసార్లు చెప్పింది ఆ మాటే. అన్నాల దగ్గర అందరం నవ్వుతుంటే వాడు నా మోచెయ్యి లాగి ఏమిటని అడిగేవాడు. తర్వాత. ఆ తర్వాత చాలాసార్లు రానే రాదు. వచ్చినా, పావుగంట కబురు ఒక్క సైగ అయ్యి వస్తుంది.

నాన్న పోయిన రాత్రి ఆస్పత్రి వరండాలో డాక్టరు అమ్మతో, మామయ్యతో, నాతో ఐదు నిమిషాలు మాట్లాడాడు. తమ్ముడు నా కొంగు పట్టుకుని ఏమన్నాడు, ఏమన్నాడు అని అడుగుతూనే ఉన్నాడు. నేను అరచెయ్యి చూపించాను. మేమంతా ఒకరి తర్వాత ఒకరం లోపలికి వెళ్ళి నాన్న చెయ్యి పట్టుకుని వచ్చాం. ఎందుకు వెళ్తున్నామో వాడికి తెలియలేదు. తెల్లారాక చెప్పాను, ఒకే ఒక్క సైగతో: నాన్న లేడు. ఏళ్ళు గడిచి, ఇద్దరికీ అసలైన సైగల భాష వచ్చాక, ఒక సాయంత్రం వాడు నన్నడిగింది ఆ ఐదు నిమిషాల సంగతి. డాక్టరు అన్న మాటలు ఒక్కొక్కటీ కావాలన్నాడు. గుర్తున్నంతవరకూ చెప్పాను. మా కూడిక పుట్టింది ఆ సాయంత్రమే. దేవుని సన్నిధిలోనైనా వీళ్ళకు 'తర్వాత' అన్న మాట ఎదురుకాకూడదని ఆ రోజు నేను ప్రభువు ముందు తీర్మానం చేసుకున్నాను.

ఇప్పుడు ఆ ఫ్లెక్సీ వేయించిన సభల సంగతి. పేరు రాయను, తప్పు వాళ్ళది కాదు కాబట్టి. మూడు రోజుల మహాసభలు. జిల్లాల నుంచి బస్సులు కట్టుకుని వస్తారు. పందిరి కింద చాపల మీద, ఇసుక మీద, కంటికి ఆనినంత దూరం జనం. సభల పెద్దల్లో ఒకాయన మా కూడిక గురించి విని ఫోన్ చేశారు. "అమ్మా, రెండో రోజు సాయంత్రం వాక్యానికి ముందు మీకు మూడు నిమిషాలు ఇస్తాం. బయట స్టాల్ పెట్టుకోండి. మీవాళ్ళకు ముందు వరసలో ఎడమ పక్క కుర్చీలు వేయిస్తాం. వాక్యం మీరు సైగల్లో చెప్తారు కదా?" అన్నారు. "చెప్తానండీ, తప్పకుండా చెప్తాను" అన్నాను. ఇది గుర్తుపెట్టుకోండి. ఆయన అడిగారు, నేను మాటిచ్చాను.

ఆ రోజు నుంచి సభల దాకా నా మనసులో ఒకే కథ తిరిగింది. ఒంగోలులో పుట్టిన క్రైస్తవ బిడ్డలకు అది ఉగ్గుపాలతో వస్తుంది. 1836లో శామ్యూల్ డే అనే అమెరికా బాప్టిస్టు మిషనరీ తెలుగువాళ్ళ మధ్యకు వచ్చాడు. ఏళ్ళు గడిచినా నెల్లూరులో విశ్వాసులు వేళ్ళ మీద లెక్కపెట్టేంతే. 1853లో ఆల్బనీ పట్టణంలో జరిగిన మిషన్ వార్షిక సభలో ఈ తెలుగు పని మూసేద్దామా అన్న చర్చ వచ్చింది. పటంలో నెల్లూరు ఒంటరి చుక్కలా ఉంటే, ఎవరో దాన్ని ఒంటరి నక్షత్రమన్నారు. శామ్యూల్ ఫ్రాన్సిస్ స్మిత్ ఆ రాత్రి ఆ పేరు మీద ఒక పద్యం రాశాడు, మర్నాడు దాన్ని సభలో చదివారు. మిషన్ నిలిచింది. 1862లో మళ్ళీ అదే చర్చ వస్తే, నెల్లూరులో పనిచేసిన లైమన్ జ్యూయెట్ తాను ఒక్కడైనా తిరిగి వెళ్ళి అక్కడే చనిపోతానన్నాడు. 1864లో జాన్ క్లౌ ఆయనతో పాటు ఓడెక్కాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.

మా ఇళ్ళల్లో ఆ అంకెను కుటుంబంలో ఒకరి పుట్టినరోజు చెప్పినట్టు చెబుతారు. మా తాతగారి తాత ఆ రోజు ఆ నీళ్ళల్లో దిగినవాడని అమ్మ చెప్పేది. నేను ఆ కథలోంచి నాకు కావలసిన పాఠం తీసుకున్నాను: చిన్న పనిని పెద్ద సభ ముందు పెట్టకపోతే అది ఆరిపోతుంది, ఎవరో ఒకరు లేచి నాలుగు మంచి మాటలు చెప్పాలి, ఆ ఒకరు నేను.

కరపత్రం రాయడానికి కూర్చున్నాను. 'మా సహవాసంలో ___ మంది' అన్న చోట కలం ఆగింది. హాజరు పుస్తకంలో ప్రతివారం వచ్చేవాళ్ళు పదకొండు మంది. పదకొండు అని రాస్తే ఎవరు ఆగి చదువుతారు? ఆరేళ్ళ పుస్తకం మొదటి నుంచి తిరగేశాను. ఒక్కసారి వచ్చి మళ్ళీ రానివాళ్ళు, పెళ్ళయి వేరే ఊరు వెళ్ళినవాళ్ళు, క్రిస్మస్ కేకు కోసం వచ్చిన పిల్లలు, చనిపోయిన ఒక ముసలాయన, అందర్నీ కలిపితే డెబ్బై దాటింది. 'డెబ్బై మందికి పైగా' అని రాశాను. పక్కన, దేశంలో వినికిడి లోపం ఉన్నవాళ్ళు 50 లక్షలకు పైనే అన్న 2011 జనాభా లెక్క వేశాను. ఆ లెక్క నిజం. దాని పక్కన నిలబెట్టాక నా డెబ్బై కూడా నిజంలాగే కనపడింది. అచ్చుకి ఇచ్చేముందు తమ్ముడు చూశాడు. ఆ అంకె మీద వేలు పెట్టి, తల ఎత్తి నన్ను చూశాడు. నేను ఏం సమాధానం చెప్పానో మీకు ఈపాటికి అర్థమై ఉంటుంది. అరచెయ్యి చూపించాను.

ఆ సాయంత్రం మా పదకొండు మందినీ తెల్లబట్టల్లో స్టేజీ ఎక్కించాను. నేను మైకు ముందు నిలబడ్డాను. డెఫ్ వాళ్ళు చప్పట్లు కొట్టరు, రెండు చేతులూ పైకెత్తి వేళ్ళు విప్పి ఆడిస్తారు. అది జనానికి నేర్పాను. "వీళ్ళ కోసం ఒక్కసారి ఇలా చేయండి" అన్నాను. పందిరి చివరిదాకా వేల చేతులు లేచి, గాలికి ఆకులు కదిలినట్టు కదిలాయి. అన్ని వేలమంది ఉన్న చోట ఒక్క క్షణం నిశ్శబ్దం. మావాళ్ళు బిత్తరపోయి చూశారు. మచ్చమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ క్షణం నిజమైనది, దాన్ని నేనిప్పుడు తప్పు పట్టను. కానీ అప్పుడు నా లోపల ఏం జరిగిందో నాకు తెలుసు. ఆ చేతులన్నీ నా మాటకు లేచాయి. మూడు నిమిషాలు ఐదయ్యాయి. వేదిక మీద కూర్చున్న పెద్ద దైవజనులు లేచి వచ్చి నా తల మీద చెయ్యి వేశారు. నా వెనక నిలబడ్డ పదకొండు మందినీ నేను ఆ ఐదు నిమిషాల్లో వెనక్కి తిరిగి చూడలేదు. నేను మైకులో వాళ్ళ గురించి చెప్పిన ఒక్క ముక్కను కూడా వాళ్ళకు సైగ చేయలేదు. రెండు చేతుల్లో ఒక చేతిలో మైకు ఉంది మరి.

దిగగానే వాళ్ళను ఎడమ పక్క కుర్చీల్లో కూర్చోబెట్టి, "ఇప్పుడే వస్తాను" అని స్టాల్ దగ్గరికి వెళ్ళాను. అక్కడ జనం గుమిగూడి ఉన్నారు. కరపత్రాలు అడుగుతున్నారు, స్కానర్ దగ్గర ఫోన్లు పెడుతున్నారు, పేర్లు రాయించుకుంటున్నారు. "సిస్టర్ గారూ, ఎంత భారం పెట్టాడమ్మా దేవుడు మీ మీద!" అని ఒకామె నా చేతులు పట్టుకుని ఏడ్చింది. పందిట్లో వాక్యం మొదలైంది. వెళ్ళాలి అనుకున్నాను. ఇంకో ఇద్దరు వచ్చారు. సైగలు బాగా వచ్చి, చెవులూ వినపడే మనిషిని మాలో నేనొక్కదాన్నే. స్టాల్ దగ్గర నిలబడి 'ధన్యవాదాలండీ' అనడానికి మాత్రం ఎవరైనా సరిపోతారు.

మచ్చమ్మ కుర్చీ వదిలి నన్ను వెతుక్కుంటూ వచ్చింది. లోపల అందరూ ఏడుస్తున్నారు, ఆయన ఏం చెప్తున్నాడు అని అడిగింది. నా చేతిలో రసీదు పుస్తకం ఉంది. రెండో చెయ్యి తిప్పి చూపించాను: తర్వాత. ఆమె వెళ్ళింది. కాసేపటికి మళ్ళీ వచ్చింది, ఇప్పుడు నవ్వుతున్నారు, ఎందుకు? తర్వాత. మూడోసారి రాలేదు. నేను రసీదు రాస్తూ పందిరి గుంజల మధ్య నుంచి తొంగిచూశాను. ఆమె వాక్యం చెప్పేవారి వైపు చూడటం మానేసి, పక్కకు తిరిగి జనం ముఖాలు చూస్తోంది. పక్కన కూర్చున్నామె కళ్ళు తుడుచుకుంటే తానూ పైట చెంగు కళ్ళకు అద్దుకుంది. ముందు వరస నవ్వితే తానూ నవ్వింది. ఎందుకో తెలియకుండా. తప్పుగా నవ్వుతానేమో, తప్పుగా ఏడుస్తానేమో అని ఒక్కో ముఖాన్నీ వెతుక్కుంటూ.

ఆ పొద్దుటే అదే వేదిక మీద ఒక విదేశీ అతిథి మాట్లాడారు. ఆయన ఒక వాక్యం అనగానే పక్కన నిలబడ్డ అయ్యగారు తెలుగులో తర్జుమా చేశారు. మన సభల్లో అది ఎంత మామూలంటే, తర్జుమా చేసేవారు రావడం ఆలస్యమైతే సభే ఆగుతుంది. ఒక్క తెలుగు మనిషి కూడా అర్థంకాని మాటల కింద ఊరికే కూర్చోకూడదని మనకు అంత పట్టింపు. ఆ పట్టింపును పదకొండు మంది కోసం మోయవలసిన మనిషిని నేను. ఆ సాయంత్రం నేను మా పరిచర్య గురించి వేలమందికి చెప్పాను. ఆ సాయంత్రం మా పరిచర్య జరగలేదు.

రాత్రి పదకొండు దాటాక వ్యాన్ బయల్దేరింది. వ్యాన్ లోపల లైటు వేయించి ఉంటే దారి పొడుగునా మాట్లాడుకునేవాళ్ళం. ఎప్పుడు ఊళ్ళకు వెళ్ళినా అలాగే చేస్తాం, డ్రైవర్లు విసుక్కున్నా సరే. ఆ రాత్రి నేను లైటు వేయమని అడగలేదు. చీకటి ఉంటే ఎవరూ నన్నేమీ అడగలేరని నాకు తెలుసు. కిటికీకి తల ఆనించి, ఫోన్‌లో వచ్చిన మొత్తం లెక్క చూసుకుంటూ కూర్చున్నాను. 41,350 రూపాయలు. నా ముఖం మీద ఒక్క ఫోన్ వెలుగే. తమ్ముడు ఎదురు సీట్లోంచి ఆ వెలుగునే చూస్తున్నాడని ఒంగోలు దాకా గమనించలేదు.

ఆ సభ వల్ల మంచి జరగలేదని చెప్తే అది కూడా అబద్ధమే అవుతుంది. ఆ డబ్బుతో గదికి ఇన్వర్టర్ పెట్టించాం. ఇప్పుడు కరెంటు పోయినా ప్రార్థన ఆగదు. కరపత్రం చూసి కందుకూరు వైపు నుంచి ఒక తల్లి ఆరేళ్ళ పాపను తీసుకొచ్చింది. సైగలు నేర్పితే పిల్లకు మాటలు రాకుండా పోతాయని ఎవరో భయపెట్టారట. అందుకని ఆ పాపకు అప్పటికి ఏ భాషా లేదు. మొదటి ఆదివారమే మావాళ్ళు ఆ పాపకు ఒక సైగ పేరు పెట్టారు, రెండు జడలు. పేరు పెట్టించుకున్నప్పుడు ఆ పిల్ల ముఖం నేను మర్చిపోలేను. సభకు వెళ్ళకపోతే ఆ తల్లి మా గది తలుపు తట్టేది కాదు. కాబట్టి చిన్న పరిచర్యలు మూల కూర్చుని మౌనంగా ఉండాలని నేననను.

ఈ మూడేళ్ళలో ఈ విషయం మీద చాలా చదివాను, చాలా ప్రార్థన చేశాను. బ్రిస్టల్‌లో వేలమంది అనాథలను సాకిన జార్జ్ ముల్లర్ తన అవసరం ఫలానా అని మనుషులను అడగనని నియమం పెట్టుకున్నాడు. ఆయన పేరు చెప్పి కొందరు, ప్రకటించుకోవడమే పాపమంటారు. కానీ ముల్లర్ ఏటేటా లెక్కలన్నీ అచ్చువేసి లోకానికి చూపించాడు. పౌలు యెరూషలేము పేదల కోసం కొరింథు సంఘాన్ని బాహాటంగా చందా అడిగాడు. అయితే ఆ డబ్బు విషయంలో తనను ఎవరూ తప్పుపట్టకుండా, సంఘాలు నమ్మిన మరొకరిని వెంట పెట్టాడు. ఇద్దరి దారులు వేరు. ఇద్దరిలోనూ ఒకటే జాగ్రత్త కనపడుతుంది: ప్రకటించేవాడికీ పనికీ మధ్య తేడా రాకుండా చూసుకోవడం. నా కరపత్రం మీది డెబ్బై దగ్గరే నాలో ఆ తేడా మొదలైంది.

చిన్నప్పటి నుంచి విన్న మా ఊరి కథను కూడా మళ్ళీ చదివాను. నేను వదిలేసుకున్న భాగాలు కనపడ్డాయి. 1876 నుంచి 1878 దాకా ఘోరమైన కరువు. బకింగ్‌హాం కాలువలో కొంత భాగం తవ్వే పని క్లౌ కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్ళకు కూలి ఇప్పించాడు. ఆ రోజుల్లో జనం బాప్తిస్మం ఇమ్మని మీద పడ్డారు. ఆయన ఇవ్వలేదు. కూటి కోసం వస్తున్నారేమోనని, కరువు సాయం పంచినంత కాలం ఆపాడు. అంటే 2,222 అనే అంకె, అంకెకు భయపడ్డ మనిషి దగ్గర పుట్టింది. ఇంకొకటి. ఆ రోజు గుండ్లకమ్మలో క్లౌ ఒక్కరికి కూడా తన చేత్తో బాప్తిస్మం ఇవ్వలేదు. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరుగా వంతులు వేసుకుని ఇచ్చారు. ఆ రోజు ఫ్లెక్సీ వేస్తే దాని మీద ఎవరి బొమ్మ పెద్దది ఉండాలి? ఆ ప్రశ్న నన్ను ఒక రాత్రంతా పడుకోనివ్వలేదు.

అన్నిటికంటే నన్ను నిలదీసింది మార్కు సువార్త ఏడో అధ్యాయం. మా కూడికలో లెక్కలేనన్నిసార్లు సైగల్లో చెప్పిన భాగమే. దెకపొలి ప్రాంతంలో చెవిటివాడూ నత్తివాడూ అయిన ఒకణ్ణి యేసు దగ్గరికి తీసుకొస్తారు. ఆయన అతని చెవుల్లో వేళ్ళు పెడతాడు, నాలుక ముడతాడు, ఆకాశం వైపు చూసి నిట్టూరుస్తాడు. చెవులు వినపడనివాడికి అర్థమయ్యేలా అంతా చేతులతో, చూపుతో. ఇది మావాళ్ళకు ఎంతో ఇష్టమైన సంగతి. కానీ దానికంటే ముందున్న ఒక్క ముక్క మీద నేనెప్పుడూ ఆగలేదు. ఆయన ముందు అతణ్ణి జనంలోంచి పక్కకు తీసుకెళ్ళాడు. జనం చూడాలని తెచ్చారు, ఆయన జనానికి దూరంగా తీసుకెళ్ళాడు. అయ్యాక ఎవరికీ చెప్పొద్దన్నాడు. వాళ్ళు ఆగలేక ఊరంతా చెప్పారు, అది వేరు. చెప్పడం ఆయన ఆపలేకపోయాడు గానీ, ఆ మనిషిని మాత్రం చూపించుకోలేదు. నేను పక్కన కూర్చుని మాట్లాడవలసినవాళ్ళను తెల్లబట్టలు కట్టించి జనం మధ్యకు తీసుకెళ్ళాను.

ఇదంతా తెలుసుకోవడానికి ముందే, సభ తర్వాత వచ్చిన రెండో ఆదివారం, మచ్చమ్మ నన్ను అడిగింది. మొదటి ఆదివారం ఆమె రాలేదు. రెండో వారం వచ్చి, కుర్చీలో సర్దుకుని కూర్చుని, నా ముక్కు సైగ చేసి నన్ను పిలిచింది. "ఆ రోజు తర్వాత చెప్తానన్నావు. ఆయన ఏం చెప్పాడు?"

నా దగ్గర జవాబు లేదు. నేను ఆ వాక్యం వినలేదు. అందరూ ఎందుకు ఏడ్చారో, ఎందుకు నవ్వారో నాకూ తెలియదు. రెండు చెవులూ ఉండి, ఇరవై గజాల దూరంలో నిలబడి, రసీదులు రాస్తూ ఉన్నాను. తెలియదు అని సైగ చేశాను. ఆమెకు అర్థంకాలేదు. నువ్వు అక్కడే ఉన్నావు కదా అంది. అవును, ఉన్నాను. మన దగ్గర తప్పు ఒప్పుకునేవాళ్ళు చెవి పట్టుకుంటారు. ఎవరికైనా తెలిసిన సైగే. పదకొండు మంది ముందు నేను నా వినపడే చెవిని పట్టుకుని నిలబడ్డాను. ఆ వేళ్ళు తీయడానికి నాకు మనసొప్పలేదు. తమ్ముడు లేచి వచ్చి నా చెయ్యి దించాడు. ఏమీ అనలేదు.

సభలవాళ్ళ దగ్గర రికార్డింగ్ తెప్పించాను. ఆ తర్వాతి ఆదివారం గుండ్రంగా కూర్చున్నాం. ఫోన్ చెవికి దగ్గరగా పెట్టుకుని, గంటా పది నిమిషాల వాక్యం మొత్తం, ఆపుతూ, మళ్ళీ వింటూ, ఒక్క ముక్క మింగకుండా సైగ చేశాను. రెండు గంటలకు పైనే పట్టింది. ఆ రోజు పందిట్లో అందరూ ఏడ్చింది, ఆయన తన తల్లి ఆఖరి రోజుల గురించి చెప్పిన చోట. అక్కడికి రాగానే మచ్చమ్మ వైపు చూశాను. ఆమె ఏడవలేదు, ఊరికే తలూపింది. చాలాసేపటికి, ఎవరూ పట్టించుకోని ఒక చిన్న మాట వచ్చింది. ఊళ్ళో తన తల్లి చేపలగంప దించుకుని గుమ్మంలో కూర్చునే చోటు ఇంకా నున్నగా అరిగి ఉందని ఆయన చెప్పాడు. అక్కడ మచ్చమ్మ పైట చెంగు కళ్ళకు అడ్డం పెట్టుకుంది. ఆ రోజు పక్కవాళ్ళను చూసి ఏడ్చింది. ఇప్పుడు తన ఏడుపు తాను ఏడ్చింది. ఆమెకు రావలసిన ఆ కన్నీళ్ళను మూడు వారాలు నా దగ్గర బాకీ పెట్టుకున్నాను.

ఆ తర్వాత రెండేళ్ళు ఆ సభలకు మేం వెళ్ళలేదు. ఈ ఏడు మళ్ళీ ఫోన్ వచ్చింది, అదే పెద్దమనిషి, అదే ఆప్యాయత. మూడు నిమిషాలు మళ్ళీ ఇస్తామన్నారు. మావాళ్ళను అడిగి చెప్తానన్నాను. గుండ్రంగా కూర్చుని మాట్లాడుకున్నాం. ఈసారి వాళ్ళు మాట్లాడారు, నేను చూశాను. వాళ్ళ మాటగా ఆయనకు చెప్పింది ఇది: మైకు వద్దు, ఎడమ పక్క కుర్చీలు చాలు, నేను నిలబడే చోట నా చేతుల మీద పడేలా ఒక లైటు కావాలి, మూడు రోజులూ. కరపత్రంలో పదకొండు అనే వేస్తామన్నాం, రెండు జడల పాపతో పన్నెండు అని తమ్ముడు దిద్దాడు. స్టాల్ ఉంటే దాని దగ్గర వాడే నిలబడతానన్నాడు, మాట్లాడేవాళ్ళు వాడితో కాగితం మీద రాసి మాట్లాడవచ్చు.

రెండు రోజుల తర్వాత ఆయన ఫోన్ చేశారు. లైటు పెట్టిస్తామన్నారు. "స్టాల్ మాత్రం ఈసారి కుదరదమ్మా, స్థలం వేరేవాళ్ళకు ఇచ్చేశాం" అన్నారు. "పర్వాలేదండీ, లైటు చాలు" అన్నాను. ఆ మాట అంటున్నప్పుడు లోపల ఎక్కడో కలుక్కుమంది. వేల చేతులు లేచిన ఆ సాయంత్రం ఒక్క క్షణం కళ్ళ ముందు కదిలింది. ఇన్నాళ్ళ ప్రార్థన తర్వాత కూడా అది నాలో ఉంది. ఉందని నా తమ్ముడికి చెప్పాను, మచ్చమ్మకు చెప్పాను. తర్వాత చెప్తాను అనకుండా, ఫోన్ పెట్టేసిన వెంటనే చెప్పాను.